హస్తకౌశలము గల బాలబాలికలు – వారికి తగిన వృత్తులు

(విశాఖపట్టణమున జరిగిన వార్షిక మహాసభలో చేసిన యుపన్యాసపాఠము)



పూర్వుల కీర్తిని గూర్చియు, ఐకమత్యావశ్యకతను గూర్చియు నాకంటె పెద్దలు చక్కగ సెలవిచ్చియున్నారు. నే నంత దూరము పోను. ప్రతివేసవియందును పరీక్షాఫలితములు వెలువడిన దినమున మన యిండ్లలో జరుగు నొక విషయమును గూర్చి మాత్రమే మనవి చేసెదను.

పదవతరగతి ఫలితములు వచ్చును. పిల్లవాడు తెలుగున, సాంఘికశాస్త్రమున నెట్లో గట్టెక్కును. గణితమున తప్పును, తప్పకున్నను అంచుమీద నిలుచును. "వీనికి లెక్కలు రావు" అని తండ్రి యనును. ఆ మాట యంతటితో నాగదు. "వీనికి చదువు రాదు" అని మేనమామ యనును. "వీనికి బుద్ధి లేదు" అని పొరుగువా రందురు. ఈ మూడు మాటలకును అర్థ మొక్కటే యన్నట్లు ఇల్లంతయు నమ్మును. కొన్నాళ్ళకు పిల్లవాడును నమ్మును. ఆ పిల్లవాడే చెడిపోయిన పంకాను విప్పి, లోపల కాలిన తీగె నేదో కనిపెట్టి, మరల తిరుగునట్లు చేసియుండును. ఆ పిల్లయే పాతచీర యంచుతో ఎవ్వరును నేర్పని కుట్టు కుట్టియుండును. ఇంటివారు దానికి సంతోషింతురు గాని, దానిని తెలివి యని యెవ్వరును జమకట్టరు.

ఇక నా బిడ్డకు రెండు దారులు చూపుదురు. మొదటిది: అప్పు చేసియో, పొలము కుదువపెట్టియో యింజనీరింగు కళాశాలలో చేర్పించుట. లెక్కలకు వెరచినవానిని నాలుగేండ్లు లెక్కలలోనే ముంచుట యిది. అనేకులు మధ్యలో నాగిపోవుదురు. పట్టము పుచ్చుకొన్నవారిలోను తమ చదువునకు సంబంధములేని చిన్న కొలువులలో కుదురుకొనువారు తక్కువమంది కారు. రెండవది: "పనిలో పడవేయుడు" అని యొక మేస్త్రీ కప్పగించుట. వాడు హెల్పరుగా చేరును. పదునైదేండ్లు గడచినను హెల్పరుగానే యుండును. పని వచ్చును గాని పత్రము లేదు. పత్రము లేనందున మంచి కూలి లేదు. మొదటి దారిలో చేయి చచ్చును. రెండవ దారిలో చేతికి విలువ చచ్చును. మూడవ దారి కలదనియు, అది యీ విశాఖపట్టణముననే మన గుమ్మముముందు నున్నదనియు చెప్పుటయే నా యుద్దేశము.

మొదట నొక ప్రశ్న. మన పూర్వులకు లెక్కలు వచ్చునా? మను, మయ, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞులని యైదు పేర్లతో ఇనుము, కొయ్య, కంచు, రాయి, బంగారము పంచుకొన్న వంశములవార మని చెప్పుకొనుచుందుము. వారిలో నెందరు పలకపట్టి గుణకారభాగహారములు చేసిరి? బండిచక్రమునకు పట్టా వేయు కమ్మరిని చూడుడు. చుట్టుకొలత కావలెనన్న వ్యాసమును ఇరువదిరెంటిచే గుణించి యేడుచే భాగింపవలె నని బడిలో చెప్పుదురు. కమ్మరి దాని జోలికి పోడు. ఇనుప పట్టీని నేలపై పరచి, దానిమీద చక్రము నొక్కసారి దొర్లించి, చుట్టు పూర్తియైనచోట గీటు పెట్టును. పట్టా చక్రముకంటె నొకింత చిన్నదిగా నుండునట్లు కోసి యతుకును. మంటలో కాల్చినప్పుడు ఇనుము సాగి చక్రముపై దిగును; నీళ్ళు చల్లగానే కుంచించుకొని ఆకులను, అంచుకొయ్యలను కదలకుండ బిగించును. ఎంత చిన్నదిగా కోయవలెనో వాని కన్ను చెప్పును. లోహముల వ్యాకోచసంకోచములను గూర్చి వాడు పాఠము చదువలేదు. ఆ పాఠమును వాడు ప్రతిదినము చేయుచున్నాడు.

తమిళనాట కుంభకోణముచెంత స్వామిమలైలో పంచలోహవిగ్రహములు పోతపోయు స్థపతు లున్నారు. విగ్రహ మెంత యెత్తుండవలెనో అంత పొడవున కొబ్బరియాకును చీల్చి, దానిని మడిచి మడిచి భాగములు చేయుదురు. ముఖ మింత, వక్షస్థల మింత, మోకాలినుండి పాద మింత యని యా మడతలే చెప్పును. భిన్నములలెక్క యంతయు నొక యాకులో నిమిడియున్నది. శుల్బసూత్రము లని పేరుగాంచిన ప్రాచీనగ్రంథములయందు యజ్ఞవేదికల కొలతలు చెప్పబడినవి గదా! శుల్బ మనగా త్రాడు. మూడు, నాలుగు, ఐదు మూరలకు ముడులు వేసిన త్రాటిని మూడు మూలల లాగి పట్టినచో సరియైన మూలమట్టము వచ్చును. నేటికిని ఇల్లు కట్టు మేస్త్రీ పునాదికి ముగ్గు వేయునప్పుడు మూడు, నాలుగు, ఐదడుగుల కొలతతోనే మూల తీయుచున్నాడు.

ఇది పాతకాలపు ముచ్చట మాత్రమే యని యనుకొనవలదు. పోతపని కర్మాగారములలో పాటర్ను మేకరను పనివా డుండును. వాడు తరతరముల మన వడ్రంగియే. పోయవలసిన వస్తువునకు ముందుగా కొయ్యతో నమూనా చేయుట వాని పని. కరగిన లోహము చల్లారునప్పుడు చిన్నదగును. పోత యినుము సుమారు నూటికి ఒకటి, ఉక్కు సుమారు నూటికి రెండు తగ్గును. కావున నమూనాను అంతమేర పెద్దదిగా చేయవలెను. ప్రతికొలతకును నూటికింత యని లెక్కకట్టుచు కూర్చున్నచో పని సాగదు. అందుచే వారికి ప్రత్యేకముగ నొక కొలబద్ద గలదు. దాని యంగుళము మామూలు యంగుళముకంటె ఆ మేర సాగదీయబడియుండును. ఆ బద్దతో కొలిచినచాలు. లెక్క తానే సరిపోవును. లెక్క లేకపోలేదు సుమండీ! లెక్క పనిముట్టులో నున్నది.

కావున తల్లిదండ్రులు మూడు వస్తువులను వేరుచేసి చూడవలెను. సంఖ్యలను కాగితముమీద ఆడించుట యొకటి. వస్తువును కొలిచి పట్టుకొనుట రెండవది. ఇది యిక్కడ పొందునా, పొందదా యని కంటితో, వ్రేళ్ళతో గుర్తించుట మూడవది. పరీక్షలో మొదటిది మాత్రమే యడుగబడుచున్నది. మొదటిదానియందు తప్పినవాడు తక్కిన రెంటియందు ప్రథమశ్రేణివాడు కావచ్చును. అట్టివానిని బుద్ధిహీనుడనుట మనకే యవివేకము.

ఇక నీ పట్టణముయొక్క సంగతి. పదునెనిమిదవ శతాబ్దమున విశాఖపట్టణపు కంసాలులు దంతపుపొదుగుడుతో కుర్చీలు, బీరువాలు, పెట్టెలు చేసిరి. దంతపు రేకులమీద సన్నని తీగెలు, పువ్వులు చెక్కి, ఆ గీతలలో నల్లని లక్క నింపిన యా పనితనము లండన్ నగరమందలి విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో నేటికిని నిలిచియున్నది. దంతపు వ్యాపారము నేడు చట్టవిరుద్ధము, అది న్యాయమే. ఆ దంతము పోయినది గాని, ఆ చేయి పోనవసరము లేదు.

1933లో ఇచ్చట ఓడరేవు తెరువబడెను. 1941 జూన్ 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాదుగారు సింధియా కంపెనీవారి నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేసిరి. మరుసటి సంవత్సరము ఏప్రిలులో జపానువారు పట్టణముపై బాంబులు వేసిరి. ఐనను పని నిలువలేదు. 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూగారు "జల ఉష" నౌకను సముద్రమునకు విడిచిరి. ఆ శాలయే 1952 నుండి హిందూస్థాన్ షిప్‌యార్డు. 1957లో నూనెశుద్ధి కర్మాగారము, 1966లో భారీ పాత్రల కర్మాగారము, 1977లో జింకు కర్మాగారము, తరువాత ఉక్కు కర్మాగారము – ఒకదానివెంట నొకటి వచ్చినవి. ఉక్కు కర్మాగారమునకై 1966లో జరిగిన యాందోళనయందు ప్రాణములర్పించినవారిని మన మెవ్వరమును మరువలేదు. 1971లో శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టు 1న అది జాతి కంకితము చేయబడెను.

వీటన్నిటి చరిత్ర చెప్పుట నా పని కాదు. ఒక్కమాట గమనింపుడు. జింకు కర్మాగారము 2012లో మూతపడెను. ఆ పొగగొట్టమునే నమ్ముకొన్నవాడు చిక్కుపడెను. చేతిలో వృత్తిపత్రమున్న వెల్డరు, ఫిట్టరు మరియొక ద్వారము తట్టుటకు వీలయ్యెను. శాశ్వతమైన కొలువు కొరకు గాక, ఎచ్చటికైనను వెంటవచ్చు పనితనము కొరకు మన బిడ్డలను సిద్ధము చేయవలెను.

ఏ పనికి ఎంత లెక్క కావలెను? దీనిని దాపరికము లేకుండ చెప్పుట మంచిది. చేతిపని యనగా లెక్కయే యుండదని పిల్లవానికి చెప్పి పంపినచో, వాడు మొదటినెలలోనే మోసపోయితి ననుకొనును.

లెక్క మిక్కిలి తక్కువగా కావలసిన వృత్తులలో వెల్డింగు ముఖ్యమైనది. రాడ్డు కొసకును ఇనుమునకును నడుమ నెంత యెడ ముంచవలెను, చేతి నే వేగముతో నడుపవలెను, కరగిన లోహపు గుంట ఏ యాకారమున నుండవలెను – ఇవన్నియు చెవి, కన్ను, మణికట్టు చెప్పవలసిన సంగతులు. మంచి అతుకు పడునపుడు ఒక తీరైన చిటపట శబ్దము వచ్చును. చేయి తడబడినచో ఆ శబ్దము మారును. నేలమీద పరచిన పలక నతుకుట సులభము. నిలువుగోడ నతుకుట కష్టము. తలపైన నున్న పలక నతుకుట మరింత కష్టము. గొట్టమును నలుబదియైదు డిగ్రీల వాలుగా కదలకుండ బిగించి, చుట్టును తానే తిరిగి యతుకవలసిన పరీక్ష యొకటి కలదు. దానిని వెల్డర్లు 'సిక్స్ జీ' యందురు. ఆ యతుకును ఎక్సురే తీసి చూతురు. అందు నెగ్గినవానికి నౌకలలోను, నూనెశుద్ధి కర్మాగారములలోను, విదేశములలోను గౌరవ ముండును. ఐ.టి.ఐ.లో వెల్డరు శిక్షణ యొక్క సంవత్సరము. ప్రవేశమునకు ఎనిమిదవతరగతి యుత్తీర్ణత చాలును. వడ్రంగము, రేకుపని, ప్లంబరు పని కూడ నట్టివే. అనగా పదవతరగతి గణితమున తప్పిన బిడ్డకు తలుపులన్నియు మూయబడలేదు. మన కంచరపాలెముననే ప్రభుత్వ ఐ.టి.ఐ. యున్నది. ఆ యూరి పేరు వినగానే కంచరివాని సుత్తెచప్పుడు జ్ఞప్తికి వచ్చును గదా!

ఓడ పొట్టకు వంపు తిరిగిన యుక్కుపలకలు కావలెను. పలకపై నొక గీత వెంబడి సన్నని జ్వాలతో కాచి, వెంటనే నీరు చల్లినచో, ఆ గీతవద్ద ఉక్కు ముడుచుకొని పలక వంగును. ఏ గీత, ఎంత వేడి, ఎన్నిమార్లు – ఇది పుస్తకముకంటె ననుభవము నెక్కువగా నమ్ముకొన్న విద్య. చక్రపు పట్టాను నీళ్ళతో బిగించిన మన తాతలకు ఈ విద్య క్రొత్త కాదు.

నడిమితరగతి వృత్తులలో ఫిట్టరు, టర్నరు, మెషినిస్టు, ఎలక్ట్రీషియను చేరుదురు. ఇచ్చట కొలతలు మిల్లీమీటరులో నూరవవంతువరకు చూడవలెను. దశాంశములు, నిష్పత్తులు, పటములు చదువుట తప్పవు. శిక్షణ రెండేండ్లు. ప్రవేశమునకు గణితము, విజ్ఞానశాస్త్రములతో పదవతరగతి యుత్తీర్ణత యడుగుదురు. పిల్లవానికి కొలత మీద ప్రీతి యుండి, బీజగణితమన్న మాత్రమే భయ మున్నచో, ఈ వృత్తులు వానికి తగును. పాదరసమువలె పారు సంఖ్యలకు వెరచినవాడును, చేతిలో కాలిపరు పట్టుకొని, కొలువబడు వస్తువును కంటియెదుట పెట్టుకొన్నప్పుడు దశాంశములను సులువుగ గ్రహించుట నేను పలుమారులు చూచితిని. లెక్కకు వస్తువు తోడైనచో భయము సగము తగ్గును.

సార్వత్రికపాఠశాల ద్వారమున పదవతరగతి ముగింప దలచువారికి ఇచ్చట నొక హెచ్చరిక. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ పరీక్షలో గణితము విధిగా తీసుకొననక్కరలేదు. ఐదు విషయములను ఏరుకొనవచ్చును. లెక్కలు వదలి యుత్తీర్ణుడైన బిడ్డకు ధైర్యము కలుగును, అది మేలే. కాని ఆ పత్రముతో ఫిట్టరు, ఎలక్ట్రీషియను శిక్షణల ద్వారములు తెరచుకొనుట కష్టము. ఏ ద్వారమున పోదలచితిమో ముందు తేల్చుకొని, తరువాత విషయముల నేరుకొనవలెను. తొందరపాటున తీసివేసిన విషయము రెండేండ్ల తరువాత గోడయై నిలుచును.

మన కులవృత్తులకే వచ్చెదము. కురుపాం మార్కెట్టు ప్రాంతమున బంగారుపని చేయు మన సోదరుల కష్టము నాకు తెలియనిది కాదు. యంత్రముమీద పోసిన నగలు వచ్చి, చేతిపని నగకు గిరాకి తగ్గించినవి. ఐనను రాళ్ళు పొదుగుట, మరమ్మతు, మెరుగు, నమూనాలు గీయుట – వీటియందు చేయి లేనిది పని జరుగదు. శిల్పమునందు ప్రీతిగల బిడ్డలకు తిరుపతిలో దేవస్థానమువారి సంప్రదాయ శిల్పవిద్యాలయమున రాయి, లోహము, కొయ్య, సుద్దపని, ఆలయనిర్మాణము మొదలగు శాఖలలో నాలుగేండ్ల శిక్షణ గలదు. అంకుడు కొయ్యతో ఏటికొప్పాకలో చేయు లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించెను. ఆకులు, బెరడులు, గింజలనుండి తీసిన రంగులను మరల వాడుకకు తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చెను. ఏటికొప్పాక మనకు దూరము కాదు. ఆడుబిడ్డలును ఆ పనియందు రాణించుచున్నారు.

2023 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతినాడు, కేంద్రప్రభుత్వమువారు పి.ఎం. విశ్వకర్మ యను పథకమును ఆరంభించిరి. పదునెనిమిది వృత్తుల కది వర్తించును. వడ్రంగి, కమ్మరి, కంసాలి, శిల్పి, తాళములు చేయువారు, పడవలు కట్టువారు అందున్నారు. శిక్షణకాలమున దినమునకు 500 రూపాయల భత్యము, పనిముట్లకు 15,000 రూపాయలు, తరువాత మొదట లక్ష, ఆపైన రెండు లక్షల రూపాయల ఋణము నూటికి 5 వడ్డీతో నిచ్చెదమని యందున్నది. పదునెనిమిదేండ్లు నిండినవారు, కుటుంబమునకు ఒక్కరు చొప్పున దీనికి తగుదురు. ఈ సంగతి తెలియక దళారికి సొమ్మిచ్చి దరఖాస్తు వేయించుకొన్నవారు మనలో నున్నారన్న బాధ చెప్పక తప్పదు.

కులవృత్తికి వెలుపలను మన చేతికి తగు పనులున్నవి. పండ్లవైద్యునికి కట్టుడుపండ్లు చేసి యిచ్చువాని పని కంసాలిపనికి తమ్ముడు: మైనముతో నమూనా, మూస, పోత, మెరుగు – నాలుగు మెట్లును అవే. అంగవిహీనులకు కృత్రిమపాదము చేయువాని పని వడ్రంగపుపనికి తోబుట్టువు. 1968లో లోకప్రసిద్ధమైన జైపూరు పాదమును సృష్టించినవారిలో ఆసుపత్రిలో రోగులకు చేతిపనులు నేర్పుచుండిన రామచంద్రశర్మ యను శిల్పి యొకడు. ఆయన బడిలో చదివినది కొద్ది. పాశ్చాత్యుల కృత్రిమపాదము ఖరీదైనది. దానికి బూటు కావలెను. బురదలో నడువదు, బాసిపట్టువేసి కూర్చుండనీయదు. ఆ లోపము గ్రహించినది వైద్యశాస్త్రము నెరిగిన డాక్టరు పి.కె. సేథీగారి బుద్ధియు, రబ్బరును, కొయ్యను ఎరిగిన శర్మగారి చేయియు కలిసి. 1981లో మగసెసే పురస్కారము సేథీగారికి వచ్చెను. డాక్టరుగారు దానికి తగినవారే. ఐనను చేతి పేరు వెనుకబడుట లోకరీతి యని గ్రహించి, మన సంఘమైనను ఆ రీతిని తిరుగవ్రాయవలెను.

మరియొక పేరు చెప్పెదను. మైకేల్ ఫెరడే 1791లో ఇంగ్లాండున నొక కమ్మరికి కుమారుడై పుట్టెను. బడిచదువు స్వల్పము, పుస్తకములు కుట్టువానియొద్ద శిష్యుడుగా చేరెను. ఉన్నతగణితము ఆయనకు రాదు. ఆ సంగతి ఆయనయే దాచుకొనలేదు. అయస్కాంతమును, తీగచుట్టను చేతబట్టి, మరల మరల ప్రయోగములు చేసి, 1831లో విద్యుత్ప్రేరణమును కనిపెట్టెను. ఈ సభామందిరమున వెలుగుచున్న దీపములకు ఆ కమ్మరిబిడ్డ చేయే మూలము. ఆయన చేతితో కనుగొన్నదానిని తరువాత మాక్సువెల్ గణితమున వ్రాసెను. ఒకరు చేయి, ఒకరు లెక్క, ఇరువురును గొప్పవారే. ప్రతికమ్మరిబిడ్డయు ఫెరడే కాడు. కాని "లెక్కలు రావు" అన్న యొక్కమాటతో బిడ్డను మూలకు నెట్టువారు ఎవరిని నెట్టుచున్నారో తమకే తెలియదు.

ఇప్పుడు చేదుమాట. చేతిపనిని పొగడి, అందలి కష్టము దాచుట న్యాయము కాదు. పెద్ద కర్మాగారములలో చేతిపని యనేకభాగము కాంట్రాక్టర్ల క్రింద జరుగుచున్నది. పని యున్ననాళ్ళు కూలి, లేనినాడు లేదు. ప్రమాదము లున్నవి. 2020 ఆగస్టు 1న హిందూస్థాన్ షిప్‌యార్డులో క్రేను కూలి 11 మంది మరణించిరి. వారిలో అనేకులు కాంట్రాక్టు సంస్థలవారు. వెల్డింగు వెలుగు కన్నులను, పొగ యూపిరితిత్తులను తినును. కావున పనిలో చేరు ప్రతిబిడ్డయు అద్దము, తొడుగు, బూటు లేనిది పని ముట్టనని చెప్పు ధైర్యమును, భవిష్యనిధి, ఇ.ఎస్.ఐ. తన పేర జమయగుచున్నవా యని యడుగు తెలివిని నేర్చుకొనవలెను.

లెక్కలకు వెరచువానికి ఇచ్చట నొక లెక్క తప్పదు సుమా. దినకూలి యెంత, అదనపుగంటల కెంత, ఇనుము బరువెంత, తరుగెంత, గుత్తకు ఒప్పుకొన్న పనికి చెల్లునా చెల్లదా – ఈ యంకగణితము రానివాని పనితనము నితరులు తినివేయుదురు. మంచి కంసాలి బంగారపు తరుగులో మోసపోడు. మంచి వడ్రంగి కొయ్య ఘనపుటడుగులలో మోసపోడు. బీజగణితము లేకున్నను బ్రదుకవచ్చును. కూడిక, తీసివేత, నూటికింత యనునది లేకున్న బ్రదుకు ఇతరులపాలగును. ఈ కొద్ది లెక్కను పనిముట్టు చేతికిచ్చి నేర్పినచో వచ్చును. బెత్తము చేతబట్టి నేర్పినచో రాదు.

ఈ సందర్భమున మన దాతలకును, సంఘపెద్దలకును ఐదు మనవులు.

ఒకటి: ప్రతివేసవియందును నెలదినములు, ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల బాలబాలికలకు కొయ్య, ఇనుము, విద్యుత్తు, నగపని – నాలుగింటిని వారమున కొక్కటి చొప్పున చేయించి చూపవలెను. మార్కులు వలదు. ఎవరి చేయి దేనివైపు పోవుచున్నదో చూచి, తల్లిదండ్రులకు చెప్పవలెను. పదునెనిమిదేండ్లు నిండనివారిని కొలిమి, వెల్డింగు దగ్గరకు పోనీయరాదు.

రెండు: వైద్యము, ఇంజనీరింగు చదువువారికి విద్యార్థివేతనము లిచ్చుచున్నాము, సంతోషము. ఐ.టి.ఐ.లో చేరిన బిడ్డకు కూడ శిక్షణ ముగియువరకు నెలవేతనమును, బూట్లు, అద్దములు, పనిముట్ల పెట్టెను ఈయవలెను. పేదయింటి పిల్లవాడు రోజుకూలి కాశపడి నడుమనే బడి మానుట కీ కొద్ది సొమ్ము లేకపోవుటయే ముఖ్యకారణము.

మూడు: గాజువాక ఆటోనగరములోను, చేపలరేవులోను, పాతపట్టణములోను పనిచేయు మన పెద్దపనివారి పట్టిక నొకదానిని సంఘమువారు వ్రాయించి యుంచవలెను. శిక్షణ ముగిసిన బిడ్డకు అప్రెంటిసు చోటు వెదకుటలో ఆ పట్టిక దీపమువలె నుపకరించును. 1961 నాటి అప్రెంటిసు చట్టము క్రింద చోట్లు చూపవలసిన కర్మాగారములు మనచుట్టు ననేకము గలవు, అడుగువారు కావలెను.

నాలుగు: ముప్పది, నలువదేండ్లుగా పనిచేయుచు పత్రము లేక హెల్పర్లుగా మిగిలిన మన పెద్దలకు, వారి పూర్వానుభవమును పరీక్షించి ప్రభుత్వమువా రిచ్చు యోగ్యతాపత్రములు ఇప్పించుటకు సంఘమువారు పూనుకొనవలెను. వారి కది కూలి మాత్రమే కాదు, గౌరవము.

ఐదు: ఈ సంచికలో ప్రతివత్సరము పట్టభద్రుల ఛాయాచిత్రములు ప్రకటింతురు. వారిప్రక్కనే వెల్డరు పరీక్ష నెగ్గిన బిడ్డ చిత్రమును, శిల్పవిద్యాలయమునుండి వచ్చిన బిడ్డ చిత్రమును, అదే పరిమాణమున వేయుడు. ఇది ఖర్చులేని దానము.

చివరిమాట పెండ్లిని గూర్చి. సంబంధము చూచునపుడు "అబ్బాయి యేమి చదివినాడు?" అని యడుగుదుము. "అబ్బాయి యేమి చేయగలడు?" అని యడుగుట మానివేసినాము. నాణ్యమైన పని చేతిలోనున్న వెల్డరుకు పిల్ల నీయక, ఉద్యోగము లేని పట్టభద్రునకు కట్నముతో నిచ్చుచున్నాము. మనము వెలకట్టని దానిని మన బిడ్డ లేల నేర్చుకొందురు? చేతిపనివాని యింటికి పిల్ల నిచ్చుట లాఘవము కాదని పెద్దలు కార్యముచే చూపినచో, పది యుపన్యాసములు చేయలేని పని యా యొక్క పెండ్లి చేయును.

మహాజనులారా! మన కులదైవమైన విశ్వకర్మ చేతులలో నున్నవేవో ఒక్కసారి తలపునకు తెచ్చుకొనుడు. పుస్తకము నున్నది, కొలబద్దయు నున్నది, పనిముట్లు నున్నవి. ఒక చేతిలోనివి మాత్రమే పూజించి తక్కినవానిని దించుట మనకు తగదు. లెక్కలు వచ్చిన బిడ్డ పటము గీయనిండు. చేయి తిరిగిన బిడ్డ దానిని నిలువబెట్టనిండు. ఇరువురికిని ఒకే పీట వేసి కూర్చుండబెట్టు భాగ్యమును మన సంఘమునకు భగవంతుడు ప్రసాదించుగాక!